ఒకే కాటా

మెయిన్ రోడ్డు మీద త్రినాథ్ టికెట్ల కొట్టు.
అద్దం మీద ఏడు విమాన కంపెనీల బొమ్మలు
ఎండకి వెలిసి, అంచులు లేచి.
"ఏది బాగుంటుంది?" అనడిగాను,
బట్టల కొట్లో పంచె అంచు తిరగేసి చూసినట్టు.
త్రినాథ్ నవ్వలేదు. రోజూ ఎవరో ఒకరు అడుగుతారు కాబోలు.
"జయపురం వచ్చేది ఒక్కటే సావుకారూ.
మిగతావి అద్దానికి."

బస్సంటే సుంకి దాటాక సాలూరు ఘాటీ.
ఆ మలుపులు నీ వెన్నుపూసకి వద్దన్నాడు డాక్టరు.
రైలంటే కొరాపుట్ దాకా జీపు,
ఆపైన సొరంగాలు లెక్కపెట్టుకుంటూ పగలంతా.
కాబట్టి విమానం. కాబట్టి ఆ కంపెనీ.
కాబట్టి వాళ్ళు చెప్పిన రేటు.
నిన్నటికీ ఇవాళ్టికీ పన్నెండు వందలు ఎందుకు పెరిగిందంటే
త్రినాథ్ కంప్యూటర్ని నావైపు తిప్పాడు,
దాని మొహం చూస్తే నాకే తెలుస్తుందన్నట్టు.

విశాఖలో మా బావమరిది గవర్రాజు
ఉప్మా చల్లారిందని కంపెనీ మార్చేస్తాడు.
అతని కోపానికి పక్కనే ఇంకో తలుపుంది.
నా కోపం నాతోపాటే
అదే విమానం ఎక్కాలి.

తొమ్మిది మంది పట్టే బుల్లి విమానం.
సంచీ కాటా మీద పెట్టమన్నారు. పెట్టాను.
"మీరు కూడా ఎక్కండి" అంది ఆ పిల్ల.
"నేనా?"
"చిన్న విమానం కదండీ, బరువు చూసి సీటు ఇవ్వాలి."

నలభై ఏళ్ళు చింతపండు తూచినవాణ్ణి,
కాటా మీద మరొకరి ముందు నిలబడ్డం ఇదే మొదలు.
అంకెలు వణికి వణికి ఎనభై ఆరు దగ్గర ఆగాయి.
ఇంట్లో మిషను ఎనభై మూడంటుంది.
నోరు తెరిచాను.
పక్కన ఇంకో కాటా లేదు.

అప్పుడొచ్చింది బుద్రి ముదులి,
అక్కడికి కాదు, నా తలలోకి.
బొరిగుమ్మ సంత, మాఘం చివర,
మూడు కోసులు నడిచి, నెత్తిన గంప.
ఆ సంతకి కాటా నాదొక్కటే.
"పోయిన సంతకీ ఇదే గంప, ఇంతే నిండు.
మూడు కిలోలు ఏమయ్యాయి సావుకారూ?"
దేశియాలో, మెల్లగా, గంపని అడిగినట్టు.
"గింజ, పీచు, తడి" అన్నాను,
నోటికి అలవాటైన మూడు మాటలు.
ఆమె ఎడమవైపు చూసింది. కుడివైపు చూసింది.
దేనికోసం చూసిందో ఆ రోజు నాకు తోచలేదు.

గంప వెనక్కి మోసుకుపోలేదు ఏనాడూ.
నేనది నమ్మకం అనుకున్నాను.
"ముప్పై ఏళ్ళుగా మా కొట్టు దాటి పోరు వాళ్ళు" అని
పెళ్ళిపందిళ్ళలో చెప్పుకున్నాను కూడా.

మబ్బు దిగిందని గంటన్నర కూర్చోబెట్టారు.
పక్కన పాఢి మాస్టారు పర్సు విప్పి
వేరే కంపెనీ కార్డు చూపించాడు, బంగారు రంగుది,
ఎనిమిదేళ్ళ పాయింట్లట.
"ఇక్కడ చెల్లదు గాని
దగ్గరుంటే అదొక ధైర్యం."
ఆ కార్డుని అటూ ఇటూ తిప్పి చూసి
జాగ్రత్తగా తిరిగిచ్చాను.

రెక్క కిందికి వచ్చాయి చెట్లు.
చింతేదో మామిడేదో తెలియలేదు,
నాకు, ఆ చెట్ల మీద బతికినవాడికి.
పైలట్ మెడ తిప్పి, మైకు అక్కర్లేని దూరం నుంచి,
"మమ్మల్ని ఎంచుకున్నందుకు ధన్యవాదాలు" అన్నాడు.
మాస్టారు కిసుక్కున నవ్వాడు.
నేను నవ్వబోయి ఆగాను.
ఆ పాటి మాటైనా
సంతలో నేను ఎవరితోనూ అనలేదు.

తిరుగు టికెట్ సోమవారానిది. ఇదే కంపెనీ.
ఆ మూడు కిలోల సంగతి
ఎవరితోనైనా మాట్లాడాలి.