మూడో బకిల్

పద్దెనిమిది లైఫ్ జాకెట్లు.
పొద్దున ఏడింటికి, చిలోయే వాన వెలిసినా వెలవకున్నా
రేవు మెట్ల మీద పిల్లలు చేతులెత్తి నిలబడతారు.
ఒక్కొక్కరికీ మూడు బకిళ్లు నేనే పెడతాను.
మెడ దగ్గర ఒకటి, రొమ్ము మీద ఒకటి,
పక్కటెముకల కింద మూడోది.
ఇరవై రెండేళ్లుగా ఈ వేళ్లకు అదే పని.
ఎవరు ఒళ్లు చేశారో, ఎవరు రాత్రి తినకుండా పడుకున్నారో
వాళ్లమ్మలకన్నా ముందు వీటికే తెలుస్తుంది.

మార్చిలో బడి తెరిచిన వారం
యస్నా మూడో బకిల్ దగ్గర ఊపిరి బిగబట్టింది.
చక్కిలిగిలి అనుకున్నాను.
మేలో, నా చెయ్యి జాకెట్ దాకా రాకముందే
కళ్లు గట్టిగా మూసుకుంది.
"కొంచెం వదులుగా పెట్టు, తాతా."
వదులైతే నీళ్లలో జాకెట్ తేలుతుంది, పిల్ల మునుగుతుంది.
ఆ మాట నోటిదాకా వచ్చింది.
వదులుగానే పెట్టాను.
అవతలి గట్టు చేరేదాకా
చుక్కాని మీద చెయ్యి ఉందిగానీ
చూపు సముద్రం మీద లేదు.

ఇంతే. నాకు తెలిసింది ఇంతే.
గాయం చూశానా, లేదు.
పిల్ల చెప్పిందా, చెప్పలేదు.
శుక్రవారాలు మాత్రం
అందరూ గట్టు మీదికి దూకేశాక
తాడు చుట్టిపెడతానని ఆగిపోతుంది.
చుట్టిన తాడు విప్పి మళ్లీ చుడుతుంది.

వాళ్ల నాన్న రిగొబెర్తో.
ఆరేళ్ల కిందటి ఆగస్టులో ఇంజన్ చచ్చి
నేను రాళ్ల మీదికి కొట్టుకుపోతుంటే
నా అరుపుకి లేచొచ్చినవాడు అతనొక్కడే.
అలాంటివాడు కాదు, అంటుంది నా నోరు నాతోనే.
ఎలాంటివాడు మరి?
నన్ను లాగిన చేతులు
తలుపు వేసుకున్నాక ఏం చేస్తాయో నేను చూశానా?

మా దీవిలో నలభై ఒక్క పొగగొట్టాలు.
ఎవరి పొయ్యి ఆలస్యంగా రాజుకున్నా ఊరంతటికీ తెలుస్తుంది.
ఎవరు చెప్పారన్నదీ తెలుస్తుంది.
పైగా కాస్ట్రో నుంచి ఎవరొచ్చినా
నా పడవలోనే రావాలి.

అక్క ఒతీలియా తురిమిన బంగాళాదుంపని
గుడ్డలో మూటకట్టి పిండుతూ అంది:
"నువ్వు పొరబడితే? తల్లి కొంగు వదిలించి
ఆ పిల్లని ఏ హోమ్‌లోనో పడేస్తే?
ఆ ఉసురు ఎవరికి తగులుతుంది?"
పొరబడకపోతే, అని నేను అడగలేదు.
గుడ్డలోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి.
ఆ రాత్రి ఇద్దరం సరిగా తినలేదు.

మంగళవారం మంచు దిగింది.
నా పడవ ముక్కు నాకే కనబడలేదు.
రెండు నిమిషాలకోసారి హారన్ కొట్టాను.
పిల్లలు చెవులు మూసుకుని నవ్వారు.
ఎదుట పడవ ఉందని తెలిసి కొడతామా?
లేదని తేలితే సిగ్గుపడతామా?
హారన్ ఎవరినీ దొంగ అనదు.
ఇక్కడ పిల్లలున్నారు, చూసుకోండి అంటుంది.

పిల్లల్ని బడిలో దింపి
రొట్టెల కొట్టు వెనక, వాన పడని చోట నిలబడి ఫోన్ చేశాను.
"మీకు కచ్చితంగా తెలుసా?" అంది అవతలి ఆడగొంతు.
తెలియదన్నాను.
"పోనీ, ఏం తెలుసు?"
"మూడో బకిల్."
ఆవిడ కాసేపు ఏమీ అనలేదు.
"మొదట్నుంచి చెప్పండి," అంది తర్వాత.
పేరు చెప్పక్కర్లేదని కూడా అంది.
చెప్పాను. పడవ పేరు కూడా.

గురువారం సాయంత్రం పిల్లలతోపాటు
ఫైళ్లు పట్టుకుని ఇద్దరు ఎక్కారు.
వాళ్లకీ జాకెట్లు ఇచ్చాను, బకిళ్లు పెట్టాను.
యస్నా వాళ్ల బూట్లు చూసింది, నన్ను చూసింది.
ఏమీ అడగలేదు.
తాడు చుట్ట పక్కన కూర్చుంది.

రేవులో రిగొబెర్తో నిలబడి ఉన్నాడు.
ఎప్పట్లాగే తాడు కోసం చెయ్యి చాచాడు.
విసిరాను.
పట్టుకున్నాడు.