చిత్రిక పట్టిన తీపి

జువ్వలదిన్నె రొయ్యల గుంటల మీద
ఏరియేటర్లు బాగుచేయను వచ్చిన నార్వే ఆయన
టీ వేళకి సంచిలోంచి ఇటుక తీశాడు.
సబ్బనుకున్నాడు పెంచలయ్య.
నేను చింతపండనుకున్నా.

మా నాయన బాడిసె పక్కనుండే చిత్రిక లాంటిదే,
అరచేయంత,
దాంతో లాగాడు.
గోధుమరంగు పొర చుట్ట చుట్టుకుని
నా చేతిలో పడింది.

నాలుక మీద మొదట తీపి.
ఆగితే, ఉప్పు.
అన్నిటికన్నా ఆఖర్న, గొంతు దగ్గర,
వానకు తడిసిన మేక.
పెంచలయ్య ఒక్క ముక్కతోనే పక్కకి జరిగాడు.
నేను జరగలేదు.

ఎక్కడో తిన్నానిది.
పాలగిన్నె అడుగున మాడినదాన్ని
అమ్మ ఆల్చిప్పతో గోకి
నాకూ పిల్లికీ పంచిన పూట.

విరుగుడు తీసేశాక మిగిలే నీళ్ళే, అన్నాడాయన,
కాచి, కాచి, ఎర్రబడేదాకా.
అమ్మకి చెబితే పొయ్యి ముందు కూలబడింది:
"నలభై ఏళ్ళుగా ఆ నీళ్ళు
బర్రె కుడితిలో పోశాను గదరా!"

ఆ ఆదివారం
మస్తానమ్మ మేకల పాలు నాలుగు లీటర్లు,
సరుగుడు కట్టెలు, రాత్రంతా గరిటె.
తెల్లారేసరికి బత్తాయంత ముద్ద.
మాడు వాసన, పంటికింద ఇసక లాంటి గరుకు,
ఇస్కపల్లి ఉప్పు చిటికెడు ఎక్కువ.

వేడి దోసె మీద పెడితే
కరగనా వద్దా అని కాసేపు ఆలోచించి
అంచుల నుంచి ఒప్పుకుంది.

బ్రూనోస్ట్ అనే మాట అమ్మ నోట పలకదు.
బూరునమ్మ కోవా అంటుంది.
మస్తానమ్మ మాత్రం చప్పరించి,
ఇంకో ముక్కకి చెయ్యి చాపి,
"నా మేకకి ఇంత పొగరుందని
ఇన్నాళ్ళూ తెలీలేదే" అంది.