గెడ్డ ఎవరిది

పద్నాలుగేళ్లు మూడు పంచాయతీలకి
నేనొక్కణ్ణే బంట్రోతుని.
సోమ, మంగళ నువ్వలపుట్టుగ,
బుధ, గురు కంచరవలస,
శుక్రవారం కొండెక్కి జోడాపదర్.
మూడు తాళంచెవులూ ఒకే మొలతాడుకి కట్టుకుని నడుస్తుంటే
పిల్లలు గంగిరెద్దొస్తోందనేవారు.

ఉత్తరువు ఒడియాలో వచ్చింది,
బూరెల వాయిలా గుండ్రటి అక్షరాలు.
చదివి తెలుగులో చెప్పాను.
తెలుగుని ఇసాకు సవరలో చెప్పాడు.
కొండమీదకి చేరేసరికి అది
"మీ ఊరు తీసేశారు" అయింది.
శుక్రు గొమాంగో పాక ముందు అలాగే కూర్చుండిపోయాడు,
మేకల్ని తోలుకుని ఎటు పోవాలో
నన్నే అడిగాడు.

ఊరు తియ్యలేదయ్యా,
ఊరి బీరువా తీశారు.

ఆ బీరువాలో మాత్రం ఏముంది?
చెదలు తిన్న జనన మరణాల రిజిస్టరు,
ఏనాటిదో వరదబియ్యం పట్టీ,
ఓడిపోయిన సర్పంచి మర్చిపోయిన జీడిపిక్కలు.
రెండొందల పన్నెండు ఓట్లకి
ఒక కుర్చీ, ఒక జెండాకర్ర,
వారానికోసారొచ్చే గుమాస్తా.
రాని వారం ఆయనకి జ్వరం.

ఊళ్ల మధ్యన పుల్లగెడ్డ.
వంశధారలో పడేలోపు
ముగ్గురినీ తిట్టించుకుని మరీ పడుతుంది.
వానాకాలం చచ్చిన గేదె కొట్టుకొచ్చి
కల్వర్టు కాలికి తట్టుకుంటే
తల అటుందని వీళ్లు,
తోక ఇటుందని వాళ్లు.
ముక్కులు మూసుకుని ముగ్గురు సర్పంచులు
కాశీనగర్ బ్లాకుకి మూడు ఉత్తరాలు.
మోసేది నేనే, ఒకే సంచిలో.
జవాబొచ్చేసరికి
గెద్దలు తీర్పు చెప్పేసేవి.

మొదటి ఉమ్మడి సభకి
ఎవరి బల్ల వాళ్లే మోసుకొచ్చారు.
ఒకే బల్ల మీద కూర్చుంటే
మాట కూడా ఒకటైపోద్దని భయం గావాల.
పేరు దగ్గరే పొద్దుపోయింది.
పెద్దూరు మాదని నువ్వలపుట్టుగ,
రోడ్డు మాదని కంచరవలస.
అందరూ ట్రాక్టరు మీదొస్తే
కొండ దిగి నడిచొచ్చింది దాలింబ కార్జీ.
"పేరు మీరే ఉంచుకోండి,
పింఛను రోజు మాత్రం ఒక్కసారి మా కొండకి రండి"
అని సవరలో అంది.
ఇసాకు తెలుగు చేశాడు. నేను ఒడియా చేశాను.
రాయాల్సిన కార్యదర్శి
పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టేశాడు.
ఫారంలో దానికి గడి లేదట.

చివరికి మూడు పేర్లూ కలిపి కుట్టారు,
బొంతలాగా.

పాత ముద్రలు అప్పజెప్పే ముందురోజు రాత్రి
మూడింటినీ నా అరచేతి మీద
ఒకదాని మీదొకటి కొట్టుకున్నాను.
ఏ ఊరూ చదవరాలేదు.
అన్నం వడ్డిస్తూ మా ఆవిడ చూసి
"నేరేడుపళ్లు ఒక్కడివే తినేశావా" అంది.

శ్రావణంలో గేదె మళ్లీ వచ్చింది.
అదే కాలికి తట్టుకుంది.
అలవాటు చొప్పున తలెటో తోకెటో చూశారు.
ఎటు చూసినా ఒక్కటే పంచాయతీ.
కాసేపు ఎవరికీ ఏమనాలో తోచలేదు.
అప్పుడు కంచరవలస కూర్మినాయుడు తాడు తెచ్చాడు,
తాడు డబ్బులెవరిస్తారని అడుగుతూనే తెచ్చాడు.
ఇంకా ఎవరూ ఇవ్వలేదు.

కొత్త ముద్రలో
జోడాపదర్‌కి ఒక అక్షరం వంకరపోయింది.
తిప్పి పంపేద్దామన్నాను.
దాలింబ కాగితాన్ని కంటికి ఆనించుకుని
"ఈ వంకరది మాదేనా?" అంది.
అవునన్నాను.
"ఉండనీ బాబూ,
చదువురాని నాక్కూడా గుర్తు దొరికింది."

ఇప్పుడు నాకు తాళంచెవి ఒకటే,
మొలతాడు చప్పుడు చెయ్యదు.
కొండెక్కమని ఏ కాగితమూ రాలేదు.
అయినా శుక్రవారమొస్తే
కాళ్లు అటే పడతాయి.
పింఛను మొయ్యలేను, అది నా చేతికివ్వరు.
ఏ రోజు దిగి రావాలో
ఆ కబురు మోస్తాను.