నీళ్లెటు తొయ్యాలి

మొదటి తుపాను పేరు గుర్తుంది.
రెండోదానికి టీవీలో ఏదో అన్నారు, నోరు తిరగలేదు.
ఇది మూడోది. దీనికి మా వీధిలో
'మళ్లీ వచ్చింది' అనే పేరు.

శ్రీకాకుళం అయిపోయాక, బైపాస్ కింద,
వరిచేలు చదును చేసి ప్లాట్లేసిన కాలనీ మాది.
రాళ్లు పాతిన రోజున బ్రోకరు చెప్పలేదు
చేను ఏదీ మరిచిపోదని.
రెండ్రోజులు కురిస్తే చాలు,
గట్లు ఎక్కడుండేవో అక్కడి దాకా
నీళ్లు వచ్చి నిలబడతాయి
పాత రైతు పొలం చూసుకోడానికి వచ్చినట్టు.

తెల్లారి ఐదింటికి చీపుళ్ల చప్పుడు.
ఆదిలక్ష్మి తన వాకిట్లో నీళ్లు
దాలినాయుడు మేస్టారి గేటు వైపు తోస్తుంది.
మేస్టారు సైకిలు టైరు ముక్క కొట్టిన చెక్కతో
నా వైపు తోస్తారు.
నేను కుట్టుమిషను బల్లెక్కించి
ఖాళీ ప్లాటు వైపు తోస్తాను.
ఖాళీ ప్లాటు నింపాదిగా తాగి, తాగి,
పదిగంటలకల్లా అంతా ఆదిలక్ష్మికే తిరిగిచ్చేస్తుంది.
"ఏటమ్మా, నా నీళ్లు నాకే పంపినావు?"
"నీవని పేరు రాసుందేటి?"
మొదటిసారి ఇది తగువు.
రెండోసారి సగం తగువు, సగం నవ్వు.
మూడోసారి ఎవరూ ఏమీ అనలేదు.
అప్పుడేసింది నాకు భయం.

కరెంటు పోయి నాలుగు రోజులు.
ఇన్వర్టరున్నది గవరయ్యగారికొక్కరికే.
ఆయన మెట్ల మీద ఇరవైరెండు ఫోన్లు
పెళ్లింటి ముందు జోళ్లలాగ.
ఏది మోగితే దాని పేరు కేకేస్తారు
"సుగుణా, మీ అక్క, రాజాం నుంచి!"
మా అందరి చుట్టరికాలూ ఇప్పుడాయనకి కంఠతా.

నా దగ్గరికి పరదాలొస్తాయి.
ఇస్త్రీబండి తవిటయ్య ఇంటి మీది నీలం టార్పాలిను
మొదటి గాలికి మూల చిరిగితే తెల్లదారంతో కుట్టాను.
రెండో గాలికి నడిమికి చీలింది. తెల్లదారం లేదు, పచ్చదారం.
నిన్న మళ్లీ తెచ్చాడు.
తెచ్చింది పరదా కాదు, కుట్లు.
వాటి చుట్టూ కాస్త నీలం మిగిలుంది.
డబ్బులు నేనడగలేదు, అతనివ్వలేదు.
గుమ్మం దగ్గర రెండు కొబ్బరికాయలు పెట్టాడు,
పడిపోయిన చెట్టువి, ఇంకా నీరు గట్టిపడనివి.
ఉద్దానంలో వాళ్ల బావమరిదికి ఎనభై చెట్లట.
"ఇప్పుడెన్ని?" అన్నాను.
"లెక్కెట్టడానికి ఎల్లలేదమ్మా.
చూడనంతవరకూ ఎనభయ్యే గదా."

మాకు తెలిసొచ్చినవి కొన్ని ఉన్నాయి:
అగ్గిపెట్టె బియ్యం డబ్బాలో దాచాలి.
మంచం కింద ఇటుకలు నిలువుగా పెట్టాలి.
గాలి ఉన్నట్టుండి ఆగిపోతే
తలుపు తియ్యకూడదు,
అది అటు తిరిగి వస్తోందంతే.

నాలుగో రోజు పొద్దున్న
మేస్టారింట్లో అంట్లు తోమే సూరమ్మ
మోకాలి లోతు నీళ్లలో నిలబడి
కాలితో నేల తడుముకుంటూ నడిచింది.
ఏదో పారేసుకుందనుకున్నాం.
ఖాళీ ప్లాటు ఈశాన్య మూల ఆగి
"మదుం ఇక్కడుండీది" అంది.
"నాట్లేసినప్పుడు ఇక్కడే కాళ్లు కడుక్కునీవోలం.
ఇక్కడ తవ్వితే గెడ్డలోకి పోద్ది."

ప్లాటు ఓనరెవరో మాకు తెలీదు.
గవరయ్యగారు గునపం తెచ్చారు.
ఆదిలక్ష్మి తట్ట.
మేస్టారు బనీను మీద, జీవితంలో మొదటిసారి వీధిలో.
గోడ అడుగున మూడు రాళ్లు లాగేసరికి
నీళ్లు ఒక్కసారి ఆగి, ఆలోచించి,
గుటక వేసి కదిలాయి.

సూరమ్మ చూడ్డానికి నిలబడలేదు.
అంట్లు మిగిలిపోయాయంది.

సాయంత్రానికి నా గుమ్మం కనబడింది,
బురదలో ఎవరిదో ఒక జోడు.
బంగాళాఖాతంలో ఇంకోటి తయారవుతోందని
గవరయ్యగారి మెట్ల మీంచి ఒక ఫోను చెప్పింది.
మిషను బల్ల మీంచి దించలేదు.
రేపు బజారుకెళ్తే దారం కొనాలి.
ఈసారి నీలమే.