ఇతరములు

కట్టంగూరు దాటాక, సర్వీసు రోడ్డు పెద్దరోడ్డులో కలిసే మూల.
తెల్లారి ఐదున్నర.
టేపు ఒక కొస నా చేతిలో,
రెండో కొస కానిస్టేబుల్ జహంగీర్ చెప్పు కింద.
టైరు చార నాలుగు మీటర్ల ఇరవై.
అంతే.
అంటే చివరిదాకా ఎవరూ బ్రేకు వేయలేదు,
మనిషీ వేయలేదు, బండీ వేయలేదు.

తనంతట తానే ఆగుతుందని చెప్పి అమ్మిన బండి.
సీటు కింది డబ్బాకు తీగ తగిలించి
ఆఖరి ఐదు సెకన్లు తోడాను.
తొంభై ఒకటి. తొంభై ఒకటి. తొంభై రెండు.
ఎదుట ఏముంది అనే గడిలో
వరసగా సున్నాలు.

ఎదుట వడ్లున్నాయి.
తేమ ఎక్కువని ఐకేపీ సెంటరు తిప్పి పంపితే
మళ్ళీ రోడ్డు మీద ఆరబోసినవి,
రాత్రికి కుప్ప చేసి, నల్ల పరదా కప్పి
అంచులకు రాళ్ళు పెట్టినవి.
ఆ రాళ్ళ పక్కన మేడబోయిన సైదులు.
"పందులొస్తయని కావలి పండుకున్నడు సారూ"
అన్నది వాళ్ళ వదిన.
ఇంకేమైనా వస్తుందనుకోలేదా అని నేనడగలేదు.
నా ఫారంలో ఆ ప్రశ్న లేదు.

బండి నడిపినతనికి మోచెయ్యి గీరుకుంది, అంతే.
బెల్టు బిగిసింది, ఆరు బ్యాగులూ వేళకు విచ్చుకున్నాయి.
అదీ రాశాను, నిజం కనుక.
ఐదు నక్షత్రాల బండి.
నక్షత్రాలన్నీ లోపల కూర్చున్నవాళ్ళకే.

ఢీకొన్న వస్తువు: లారీ, పశువు, స్తంభం, డివైడరు.
వడ్లకు వరస లేదు.
పదకొండేళ్ళుగా 'ఇతరములు' కిందే రాస్తున్నాను
లైటు లేని పత్తి ట్రాక్టర్నీ,
ట్రాలీ వెనక వేలాడే కందికట్టెనీ.

పుణె నుంచి ఇంజినీరు ఫోను:
రోడ్డు మీద వడ్లెందుకు?
పచ్చిగా ఉన్నాయి గనుక, అన్నాను.
కాసేపు మాట లేదు.
తర్వాత మెల్లగా,
రాత్రిపూట ఫొటోలు ఎన్ని పంపగలరు?

అందుకే ఈ రాత్రి
నకిరేకల్ దాకా కుప్ప కుప్ప దగ్గరా ఆగుతున్నాను,
కెమెరా బంపరు ఎత్తున పెట్టి, ఫ్లాష్ ఆపేసి.
పదిహేడో కుప్ప పక్కన ముసలాయన
చెద్దరు తీసి లేచి కూర్చున్నాడు.
ఎందుకని అడిగాడు. చెప్పాను.
"అట్లనా? ఆగు మరి,
తెల్ల తువ్వాల కప్పుకుంట, మంచిగ కనబడ్త."

వద్దు తాతా,
ఎట్లున్నవో అట్లనే పండుకో.
అట్లనే కనబడాలె.