చెడిపోయిన ప్రతులు

గ్రిమ్స్‌బీలో, మా బడి బాయిలర్ పక్కన
కిటికీ లేని గది ఒకటుంది.
ఇరవై ఆరేళ్ళు అందులో నిలబడి
మా ఇంగ్లీషు పాఠాలన్నిటికీ
అవ్రిల్ కేప్స్ ప్రతులు తీసింది.

సోమవారం ఎనిమిదిన్నరకు మా పరుగులు ఆ గదికే.
పదో తరగతికి ముప్పై, రెండువైపులా.
అక్షరాలు అలుక్కుపోయి కనిపించే పిల్లలకు
అందులో నాలుగు లేతపసుపు కాగితం మీద.
ఆమె తలెత్తదు. "తొమ్మిదింటికి" అంటుంది.
తొమ్మిదింటికి ఉంటాయి,
ఇప్పుడే పెనం మీంచి దించినంత వెచ్చగా.

ఖాళీలను పూరింపుము. జతపరచుము.
ఉపమకూ రూపకానికీ భేదమేమి?
ఈ పద్యంలో కెరటం దేనికి ప్రతీక?
ఇవన్నీ ఆమె చేతుల్లోంచి వెళ్తాయిగాని
కళ్ళల్లోంచి వెళ్ళవని అనుకున్నాం.
నిజం చెప్పాలంటే
అదైనా అనుకోలేదు.

ఈ ఏడు పిల్లలకు పలకల్లాంటి తెరలిచ్చారు.
యంత్రాన్ని ఇద్దరు మనుషులొచ్చి
తలుపు చట్రం ఊడదీసి మరీ పట్టుకెళ్ళారు.
అవ్రిల్‌కి కేకు కోశాం, పూలకుండీ ఇచ్చాం.
కార్డులో మా విభాగం తరఫున నేను రాసింది:
"అన్నిటికీ కృతజ్ఞతలు."
అన్నిటికీ అంటే ఏమిటో సోదాహరణంగా వివరింపుమంటే
నాకు సున్నా వచ్చేది.

గది ఖాళీ చేసే పని నా మీద పడింది.
సొరుగులో పిన్నులు, పిప్పరమెంట్లు,
నల్లపొడి అంటిన ఒంటి చేతితొడుగు.
వాటి కింద, జానెడు ఎత్తున,
చెడిపోయిన ప్రతులు.
వంకరగా వచ్చినవి, సిరా చాలక వెలిసినవి,
రోలరు పళ్ళలో పడి నలిగినవి.
ప్రతిదాని మీదా
పెన్సిలుతో జవాబులు.

మొదట్లోవి భయం భయంగా,
చెరిపి, మళ్ళీ రాసి, కాగితం చిరిగేదాకా చెరిపి.
తర్వాత తర్వాత ప్రశ్నతోనే పేచీ:
"కెరటం దేనికీ ప్రతీక కాదు.
కెరటం వస్తే పడవలో మనుషులు తడుస్తారు."
మేం ఏళ్ళ తరబడి మార్చని అదే ప్రశ్న
మరో ఏడాది ప్రతి మీద:
"మళ్ళీ ఆలోచించాను. మా నాన్నకైతే కాదు.
రాసినాయన ఒడ్డున కూచుని ఉంటాడు. ఆయనకు కావచ్చు."

ఒకదాని పైసగం అసలు అచ్చుపడలేదు.
మిగిలింది ఇంతే: "...చోటును పంచేంద్రియాలతో వర్ణింపుము."
కింద ఆమె రాసింది:

"తెల్లారకముందు చేపల రేవు.
మంచు పెట్టెల మీద గుడ్డి బల్బులు.
అమ్మ నిమ్మసబ్బుతో చేతులు కడుక్కునేది,
నిమ్మ వాసన, దాని అడుగున కాడ్ చేప వాసన.
నిమ్మ ఎప్పుడూ ఓడిపోయేది.
వేలంవాడి కేక ఆగితే
గచ్చు మీద నీళ్ళు జారే చప్పుడు.
ఇప్పుడా షెడ్డులో కార్లు ఆపుతున్నారు.
అటు వెళ్ళినప్పుడు
ఎవరూ చూడకుండా నా అరచెయ్యి వాసన చూసుకుంటాను."

దిద్దే పచ్చకలం మూత తీశాను.
మూత పెట్టేశాను.

సాయంత్రం ఫోన్ చేశాను.
"పదో తరగతికి మాదిరి జవాబుగా ఇవ్వొచ్చా?"
అవతల కెటిల్ మరుగుతున్న చప్పుడు. చాలాసేపు.
"అది చెడిపోయిన కాగితం కదమ్మా,
పైసగం పడలేదు."
మీరు రాసింది పడిందన్నాను.
మళ్ళీ కెటిల్. ఆగింది.
"మూడో వరసలో అక్షరం తప్పుంది, దిద్దకు.
పిల్లలకు దొరకాలి ఏదో ఒకటి."
ఫోన్ పెట్టేయబోతూ:
"లేతపసుపువి నాలుగు. మరిచిపోయేవు."

బడిలో యంత్రం లేదు.
మూల మీద కిరాణా కొట్లో ఉంది, కాగితానికి పది పెన్నీలు.
పాల సీసాల పక్కన నిలబడి తీశాను.
పదిహేడోది ఇరుక్కుని
ముడతలు పడి, ఏటవాలుగా బయటికొచ్చింది.
కొట్టతను బుట్టలో వెయ్యబోయాడు.
వద్దన్నాను.
ముప్పై ఒకటికి లెక్కకట్టి డబ్బిచ్చాను.