జరగనిదాని ఫోటో

నలభై ఒక్క ఏళ్లు పియానోలకు శ్రుతి సరిచేశాను.
టుర్కు ఊళ్లో నా చెవి ఎరగని ఇల్లు తక్కువ.
శ్రుతి తప్పితే అందరూ నన్ను తలుచుకుంటారు,
కుదిరాక ఒక్కరూ తలుచుకోరు.
పనంటే అంతే అనుకున్నాను.

తౌనో పోయిన ఏడాది, నవంబరులో,
వంటింటి బల్ల మీద కవర్లన్నీ కుప్పపోశాను.
పదిహేడు సంస్థలు.
ఒక్కోదానికి ఐదు యూరోలో, పదో.
ఏ ఉత్తరం మీది పిల్లకి కళ్లు పెద్దవైతే ఆ పిల్లకి,
తలుపు తట్టిన కుర్రాడి చేతులు చలికి కందిపోతే వాడికి.
"ప్రియమైన ఔలిక్కి గారూ" అంటూ
పక్షుల వాళ్లు క్యాలెండరు పంపారు,
ఇంకెవరో పెన్నులు,
ఇంకెవరో నా పేరు అచ్చేసిన చిరునామా చీటీలు:
ఈ జన్మకీ పై జన్మకీ సరిపడా,
ఉత్తరం రాయడానికి మనిషి లేని నాకు.

పిండి తూచే త్రాసు మీద పెట్టి చూశాను ఆ కాగితమంతా.
నాలుగు కిలోల మూడొందలు.
నేనిచ్చిన ఐదు యూరోలు
నన్ను మరో ఐదు అడగడానికే చెల్లిపోయాయి.
చిల్లుకుండతో నీళ్లు మోసి
మొక్క ఎదగదేమని మొక్కనే తిట్టుకున్నట్టు.

పై అంతస్తు కెర్త్తు లెక్కల టీచరుగా చేసి రిటైరైంది.
ఆఫీసు ఖర్చు ఎవరికి తక్కువో చూసి ఇస్తానన్నాను.
నవ్వింది.
"నీ సంచిలో సుత్తి చవకదా ఖరీదైనదా అని
ఎవరైనా అడిగారా ఇన్నేళ్లలో?
తీగ పలికిందా లేదా, అదీ అడగాల్సింది."

అడిగాను. పదిహేడు ఉత్తరాలు, చేత్తో రాసి,
వాళ్ల పెన్నులతోనే:
ఏం చేశారు?
చేసినందువల్లే మారిందని ఎలా తెలిసింది?
మారనప్పుడు ఏం చేశారు?

పదకొండు మంది ఉలకలేదు, పలకలేదు.
నలుగురు ఇంకో క్యాలెండరు పంపారు.
ఒకావిడ ఫోన్ చేసి నా ఆరోగ్యం గురించి
చాలా మర్యాదగా మాట్లాడింది.
ఒక్కరు మాత్రం,
మలావీలో దోమతెరలు పంచే చిన్న సంస్థ,
బొమ్మల్లేని నివేదిక పంపారు. అన్నీ అంకెలే. నిద్రొచ్చే రాత.
మూడో పేజీలో ఒక వాక్యం:
"ఒక జిల్లాలో మేం పొరబడ్డాం.
తెరలు ఇచ్చాం, కట్టుకున్నారో లేదో చూడలేదు.
మరుసటి ఏడు మళ్లీ వెళ్లి, ఇల్లిల్లూ చూశాం."

అక్కడ ఆగాను.
అపస్వరం తనంతట తను వినగలిగిన వాడి చేతిలో
వాయిద్యం పెట్టొచ్చు.

ఇక మిగిలింది తౌనో ఊపిరితిత్తులు.
చివరి పదకొండు రాత్రులు అతని చెయ్యి పట్టుకున్న
నర్సు సినిక్కా, ఆ ఆసుపత్రి.
లెక్క ప్రకారం అక్కడ నా యూరో దూరం నడవదు.
కెర్త్తు ఏమీ అనలేదు, కాఫీ పోసింది.
ఆ కవరు అలాగే ఉంచాను.
అది దానం కాదు, బాకీ.
బాకీని దానం పద్దులో రాసుకోకూడదు, అంతే.

తక్కినదంతా ఒక్కచోటికే,
నెలనెలా, నేను మరిచిపోయినా వెళ్లేటట్టు.
దేనికి ఖర్చు పెట్టాలో చెప్పలేదు, వాళ్లకే తెలుసు.
కృతజ్ఞతలు పంపొద్దన్నాను. ఆ బిళ్లడబ్బులు కూడా తెరలకే పోనీ.

ఇప్పుడు ఫిబ్రవరి. ఔరా నది గడ్డకట్టింది.
ఎక్కడో, నాకు పేరు తెలియని గదిలో,
ఒక దోమ తెరకు తగిలి వెనక్కి పోయి ఉంటుంది.
ఒక పిల్లకి జ్వరం రాలేదు.
ఆ పిల్లకీ తెలీదు, వాళ్లమ్మకీ తెలీదు.
జరగనిదానికి ఫోటో ఉండదు.

పోస్టుడబ్బాలో ఇవాళ కరెంటు బిల్లు ఒక్కటే.
దాన్ని పట్టుకుని మెట్ల దగ్గర కాసేపు నిలబడ్డాను.
నిజం చెప్పొద్దూ, కొంచెం వెలితిగానే ఉంది.
ఆ క్యాలెండరులో
మార్చి నెల పిట్ట చాలా బాగుండేది.